మట్టి కలిపే చేయి

గోదారి డెల్టాలోని కడియపులంక నర్సరీలకు వెళ్లినవాళ్లంతా పూలకేసి చూస్తారు. నా చూపు మాత్రం ఓ మూల కుప్పపోసిన మట్టి దగ్గర ఆగిపోతుంది. అక్కడ పార పట్టుకుని మట్టి కలిపే మనిషిదే అసలు పనితనం.

ఆ మట్టికి మూలం గోదారి ఎప్పటినుంచో మోసుకొస్తున్న ఒండ్రు. సారానికి లోటు లేదు. కానీ కుండీలో ఒండ్రు ఒక్కటే పోస్తే తడికి ముద్దకట్టి, ఎండకి బిగుసుకుంటుంది, వేరుకి ఊపిరాడదు. అందుకే మాగిన గెత్తం, చివికిన ఆకు, గుప్పెడు వేపపిండి, కోనసీమ కొబ్బరి పొట్టు కలుపుతారు. పొట్టు తడిని పట్టి ఉంచుతూనే మట్టిని గుల్లబరుస్తుంది. అయితే ముందు అందులోని ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగాలి. గెత్తం పచ్చిదైతే ఆ వేడికి వేరు మాడుతుంది; బాగా మాగితే పేడ కంపు పోయి తొలకరి వాసనేస్తుంది.

కొలతపాత్రలుండవు. పిడికెడు తీసి నొక్కుతారు. ఉండ కట్టాలి, వేలు తగిలితే విడిపోవాలి. అంతే పరీక్ష.

పెరట్లో మొక్క వాడితే మనం ఎండని తిట్టుకుంటాం. ఆ చేయి గుర్తొస్తే, ముందు వంగి మట్టిని తడిమి చూస్తాం.