తేనెపిట్టను గుర్తించుటెట్లు?

పక్షులను గూర్చిన పుస్తకమునకు పరీక్ష ఒక్కటే: దానిని చదివి తోటలోనికి పోయినవాడు ఎదుటనున్న పిట్ట ఏదో తేల్చుకొనగలుగవలెను. డాక్టర్ సాలిం అలీ ఇంగ్లీషున రచించిన భారతీయ పక్షుల గ్రంథమును (తొలి ముద్రణ 1941) తేనెపిట్టల విషయమున ఈ పరీక్షకు పెట్టి చూతము.

ఆయన పద్ధతిలో మొదటి మెట్టు పరిమాణము. పిచ్చుక, గోరింక, కాకి వంటి పరిచితమైన పక్షులతో పోల్చి చెప్పును. సామాన్య పాఠకునికి ఇంతకంటె మంచి కొలబద్ద లేదు. కాని పిచ్చుకకంటె చిన్నదనిన మాట దక్షిణ భారతమున సాధారణముగ కనిపించు మూడు జాతుల తేనెపిట్టలకును వర్తించును. కొలత మనలను కుటుంబమువరకే చేర్చును, జాతిని తేల్చదు.

ఇక రంగు. ఊదారంగు తేనెపిట్టలో మగది నీడలో నల్లగా నుండి, ఎండలో నీలముగను ఊదాగను మెరయును. ఆ మెరుపు వర్ణద్రవ్యము వలన కాక, ఈకల నిర్మాణము వలన కలుగునది. లోటెన్ తేనెపిట్ట మగదియు దూరమునకు ఇట్లే యుండును. అయితే దాని ముక్కు మరింత పొడవై, ఎక్కువ వంపు తిరిగి యుండును. రొమ్ముపై ముదురు ఎరుపు పట్టీ, క్రింద మసిగోధుమ రంగు పొట్ట కలవు. మూడవదైన ఊదానడుము తేనెపిట్టలో మగదాని పొట్ట పసుపుపచ్చ.

అసలు చిక్కు తరువాత వచ్చును. సంతానకాలము గడచిన పిమ్మట ఊదారంగు తేనెపిట్ట మగది మెరుపును విడిచి ఆడదానివలె మారును. గొంతునుండి పొట్టవరకు నల్లని చార మాత్రము మిగులును. ఈ వేషమార్పును చెప్పుట సాలిం అలీ గ్రంథమునకు గొప్ప గుణము. మెరయు మగపిట్ట బొమ్మ నొక్కదానినే అచ్చువేయు బాలల పుస్తకములు ఇచ్చటనే తప్పిపోవుచున్నవి. ఆ బొమ్మను నమ్మిన పిల్లవాడు ఒకే పిట్టను రెండు జాతులుగా లెక్కించును.

కొందరు దీనిని హమ్మింగు పక్షి యనుట మరియొక పొరపాటు. ఆ పక్షులు అమెరికా ఖండములలో తప్ప మరెచ్చటను సహజముగ లేవు. అవి గాలిలో నిలిచి తేనె త్రాగును. మన తేనెపిట్ట సాధారణముగ కొమ్మపై వ్రాలి త్రాగును. పోలిక వృత్తిలోనిదే గాని వంశములోనిది కాదు.

పేరు తప్పిన పరిశీలన పనికిరాదు. బదనిక పూవులకు పరాగము చేర్చునది ఏ పిట్టయో తెలియవలెనన్న మొదట పిట్టను తెలియవలెను గదా! కావున తెలుగున రాబోవు పుస్తకములు సాలిం అలీ పోలిక పద్ధతిని గైకొని, ముక్కును మొదటను, పొట్టను తరువాతను, మెరుపును చివరను చెప్పవలెను. మగదాని ప్రక్కన ఆడదానిని తప్పక చిత్రించవలెను. వెలుతురుతో రంగు మారును, ముక్కు మారదు.