కఠిన పదాలూ వ్యంగ్యమూ: వెంకటేశం నేర్చిన ఇంగ్లీషు

హైస్కూలు పై తరగతుల ఇంగ్లీషు పాఠంలో రెండు పనులు జరుగుతాయి. విద్యార్థికి బరువైన మాటలు నేర్పుతారు. ఒక వ్యంగ్య రచన చదివిస్తారు. మాటలు నోటు పుస్తకంలో పట్టికగా ఉంటాయి, ఎడమవైపు పదం, కుడివైపు అర్థం. వ్యంగ్య రచనకు వేరే పేజీ. అందులో నిర్వచనం, రచయిత పేరు, రచన ఉద్దేశం ఉంటాయి. ఈ రెండు పేజీలకూ సంబంధం ఏమిటన్నది చాలా తరగతుల్లో ప్రస్తావనకే రాదు. ఆ సంబంధం తెలియనివాడు పదాలెన్ని నేర్చినా వ్యంగ్యాన్ని పట్టుకోలేడని నా అభిప్రాయం. ఈ మాట చెప్పడానికి ఇంగ్లీషు సాహిత్యం దాకా పోనక్కరలేదు. గురజాడ అప్పారావు (1862–1915) ‘కన్యాశుల్కం’లోనే ఒక చిన్న ఘట్టం ఉంది. ముందు దాన్ని చూద్దాం, తరువాత స్విఫ్ట్ దగ్గరికి వెళ్దాం.

తెలుగు మాధ్యమంలో చదువుకుంటున్న మీలో చాలామందికి ఇంగ్లీషు పెద్ద మాటలంటే బెరుకు ఉంటుంది. ఎదుటివాడు రెండు కఠిన పదాలు వాడగానే మనం తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. ఆ బెరుకు మీద ఆధారపడి బతికే మనిషి గిరీశం. అందువల్ల ఈ పాఠం మీకు పరీక్షకు మించి పనికివస్తుంది.

‘వ్యంగ్యం’ అన్న మాట

మన ఆలంకారికులు పదానికి మూడు శక్తులు చెప్పారు: అభిధ, లక్షణ, వ్యంజన. నిఘంటువులో దొరికేది అభిధ. ఆ నేరు అర్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థాన్ని అందించేది లక్షణ. చెప్పకుండానే స్ఫురింపజేసేది వ్యంజన. వ్యంజన వల్ల స్ఫురించే అర్థానికి సంస్కృత కావ్యశాస్త్రంలో పేరు వ్యంగ్యం. అంటే అక్కడ వ్యంగ్యంలో ఎగతాళి ఉండాలన్న నియమం లేదు. శృంగారం, శోకం, భక్తి ఏదైనా వ్యంగ్యంగా స్ఫురించవచ్చు. నేటి వాడుకలో మాత్రం ఆ మాట ఎత్తిపొడుపుకు, అధిక్షేపానికి స్థిరపడింది. ఈ మార్పును తప్పుపట్టనక్కరలేదు. అయితే పాత అర్థం గుర్తుంటే ఒక మేలుంది. వ్యంగ్యం పదం లోపల దాగి ఉండే వస్తువు కాదని, పదానికీ సందర్భానికీ మధ్య పుడుతుందని తెలుస్తుంది.

ఇది మీకు కొత్త విద్య కాదు. “ఆ పుణ్యాత్ముడు పొద్దున అప్పు పట్టుకుపోయాడు, మళ్ళీ కనిపిస్తే ఒట్టు” అని ఇంట్లో ఎవరైనా అంటే పుణ్యాత్ముడి అర్థం కోసం మీరు నిఘంటువు తెరవరు. కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’లో దేవుణ్ణి తిడుతున్నట్టే స్తుతించాడు, దాన్ని నిందాస్తుతి అంటున్నాం. తిట్టు పొగడ్త కావడం, పొగడ్త తిట్టు కావడం తెలుగు చెవికి అలవాటైన సంగతే. ఇంగ్లీషు తరగతిలో ఆ చెవిని ఇంటి దగ్గర వదిలిపెట్టి వెళ్తున్నాం, చిక్కంతా అదే.

అగ్రహారంలో ఇంగ్లీషు సంభాషణ

‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. నేడు మనం చదివేది చాలా పెంచి, మార్చి రాసిన రెండో కూర్పు, 1909 నాటిది. గురజాడ విజయనగరంలో చదువుకొని అక్కడే బోధించినవాడు. ఇంగ్లీషు తరగతి గది ఆయనకు లోపలినుంచి తెలుసు. అయినా నాటకంలో ఆ గదిని చూపించడు. అక్కడినుంచి కుర్రవాడు ఇంటికి ఏం తెచ్చాడో అది చూపిస్తాడు.

వెంకటేశం పరీక్ష తప్పాడు. సెలవుల్లో చదువు చెబుతానన్న సాకుతో గిరీశం అతని వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరాడు. తండ్రి అగ్నిహోత్రావధానులుకు ఇంగ్లీషు చదువు మీద గురి లేదు, ఖర్చు మీద బాధ ఉంది. తల్లి వెంకమ్మకు మాత్రం కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని ఆశ. ఆమె అడుగుతుంది. గురుశిష్యులు మొదలుపెడతారు.

గిరీశం పసిపిల్లల నక్షత్రగీతం అందుకుంటాడు. వెంకటేశం వాచకంలోని ఒక వాక్యంతో జవాబిస్తాడు, గుడారంలో తెల్లవాడున్నాడని. గిరీశం ఫెలీషియా హెమన్స్ పద్యంలోని మండే ఓడ, దాని మీద నిలబడ్డ బాలుడి దగ్గరికి పోతాడు. శిష్యుడు జ్యామితిలోకి దూకుతాడు, ట్రెపీజియం భుజాల గురించి అర్థంలేని సిద్ధాంతం ఒకటి అప్పజెబుతాడు. చివరికి గిరీశం మిల్టన్ మహాకావ్యం ఆరంభాన్నే ఎత్తుకొని, నిషిద్ధ వృక్షం ఉండవలసిన చోట మామిడిచెట్టును నాటి, కావ్యదేవత ఉండవలసిన చోట వెంకటేశాన్ని కూర్చోబెడతాడు. దానికి వెంకటేశం ఇచ్చే జవాబు ఇంగ్లీషు వ్యాకరణంలో బహువచన సూత్రం! ఇదంతా ఏమిటని అడిగితే, సెలవుల్లో ఎలా చదవాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం చెబుతాడు.

ఇక్కడ ఆగి మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఇందులో తప్పు ఇంగ్లీషు ఎంత ఉంది? చాలా తక్కువ. జ్యామితి వాక్యం తప్పుల తడక. మిల్టన్‌ను గిరీశం కావాలనే వంచాడు. మిగిలినవి వ్యాకరణరీత్యా నిక్షేపంగా ఉన్నాయి. బహువచన సూత్రం పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. విడివిడిగా చూస్తే పాఠ్యపుస్తకాలే, కలిపితే సంభాషణ అన్న నటన. ఏ పదమూ ఎదుటి పదానికి బదులు చెప్పడం లేదు. పదం సరైనదైనా మాట కాకపోవచ్చునన్న సంగతిని ఇంత క్లుప్తంగా చూపిన ఘట్టం మన సాహిత్యంలో మరొకటి నాకు తెలియదు.

వెంకటేశాన్ని మొద్దబ్బాయిగా చూపించి నవ్వించే ప్రదర్శనలు కొన్ని చూశాను. అది ఘట్టాన్ని సరిగా చదవకపోవడమే. అతను ఒక్క క్షణం తడబడడు. గురువు ఏ ఆట ఆడుతున్నాడో మొదటి వాక్యంలోనే గ్రహించి, తన దగ్గరున్న సరుకంతా వరసగా బయటికి తీస్తాడు. గిరీశం చుట్ట కాల్చడం తప్ప ఏమీ నేర్పలేదన్న ఫిర్యాదు వెంకటేశానిదే. కాని ఈ ఘట్టం ఇంకొకటి కూడా నేర్పాడని రుజువు చేస్తుంది: వినేవాడికి అర్థం కాకపోతే శబ్దమే సరిపోతుందని. అది తెలివైన పిల్లవాడికే పట్టుబడే పాఠం.

ఈ నవ్వుకు గురి ఎవరు? వెంకమ్మ కాదు. ఆమెకున్నది ఏ తల్లికైనా ఉండే మురిపెం. మిల్టన్ తెలిసిన ప్రేక్షకుడు మామిడిచెట్టు దగ్గర పకపకా నవ్వుతాడు, ఇంగ్లీషు రానివాడు వెంకమ్మ పక్కన కూర్చొని వింటాడు. రచన ఇక్కడితో ఆగి ఉంటే అది చదువుకున్నవాళ్ళు చదువుకోనివాళ్ళను చూసి నవ్వుకునే పరాచికంగా మిగిలేది. గురజాడ ఆగలేదు. వెంటనే వెంకటేశం చేత తెలుగు పద్యం చదివిస్తాడు. నలదమయంతుల విరహాన్ని వర్ణించే ఆ పద్యంలో మన్మథతాపాన్ని చెప్పే ఒక దీర్ఘసమాసం ఉంది. దాని అర్థమేమిటని అడిగితే కుర్రవాడు ఇంటికప్పు వైపు చూస్తాడు. పసిపిల్లలకు అలాంటి అర్థాలు ఎలా తెలుస్తాయని గిరీశం అడ్డుపడతాడు.

ఈ రెండో సగాన్ని విమర్శకులు మొదటి సగమంత పట్టించుకోలేదనిపిస్తుంది. ఇంగ్లీషు చదువుపై ఎగతాళి అని ఘట్టాన్ని సరిపెడితే దీన్ని వదిలేయాల్సి వస్తుంది. అర్థం విడిచిన పదం ఇంగ్లీషులోనే కాదు, తెలుగులోనూ ఉంది, సంస్కృత సమాసంలోనూ ఉంది. కంఠస్థం చేయించే బడి ఏ భాషలో నడిచినా ఫలితం ఒకటే. మాతృభాషలో చదివితే అర్థం దానంతటదే వస్తుందని మనవాళ్ళు చెప్పే ధీమాకు కూడా ఇక్కడ చురక తగులుతుంది.

ఒకే మాట, రెండు నోళ్ళు

గిరీశం పదసంపద మిల్టన్‌తో అయిపోదు. వితంతు వివాహం, సంఘ సంస్కరణ వంటి ఆనాటి పెద్ద మాటలన్నీ అతని నోట్లో నానుతుంటాయి. బుచ్చమ్మను వలలో వేసుకోవడానికి వాడేది ఆ మాటలనే. అదే నాటకంలో సౌజన్యారావు పంతులు కూడా సంస్కరణ గురించి మాట్లాడతాడు. అతని నోట ఆ మాటకు బరువుంది, ఎందుకంటే దానికోసం అతను శ్రమ పడతాడు. పట్టికలో రాసుకుంటే రెండుచోట్లా అర్థం ఒకటే. నాటకంలో మాత్రం ఒకటి ఎర, మరొకటి నమ్మకం. వ్యంగ్యం చదవడమంటే ఈ తేడా వినడం.

నాకు నాటకంతో ఒక పేచీ ఉంది. గిరీశం మరీ బాగా మాట్లాడతాడు. మన ఇళ్ళలో నూరేళ్ళుగా అతని మాటలు ముచ్చటగా చెప్పుకుంటున్నాం, అతని మోసం మరిచిపోయాం. అధిక్షేపానికి గురైనవాడే అభిమాన పాత్ర అయితే బాణం మొన ఎంతో కొంత మొద్దుబారుతుంది. గురజాడ దీన్ని ఊహించాడో లేదో గాని, చివర సౌజన్యారావు ఎదుట గిరీశం బండారం బయటపడటం ఆ ముచ్చటకు పూర్తి విరుగుడు కాలేకపోయింది.

ఇప్పుడు స్విఫ్ట్. 1729లో జోనాథన్ స్విఫ్ట్ ఐర్లండు దారిద్ర్యం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. దాని పేరులో తన ప్రతిపాదనకు ‘మోడెస్ట్’ అన్న విశేషణం తగిలించాడు. పట్టికలో ఆ పదానికి అణకువగల, మితమైన అని రాసి ఉంటుంది. ఆ అణకువగల ప్రతిపాదన ఏమిటంటే, పేదల పసిబిడ్డలను ధనికుల భోజనానికి అమ్మడం. ఏటా పుట్టే పేద పిల్లలు 1,20,000 మంది అని, వారిలో 20,000 మందిని సంతతికి ఉంచి, మిగిలిన లక్షను అమ్మవచ్చునని చల్లగా లెక్క కడతాడు. తల్లులకు పశువుల సంతలో వాడే మాటలు వాడతాడు. కోపం ఒక్క పదంలోనూ కనిపించదు. అంత మర్యాదగా, అంత శాస్త్రీయంగా మాట్లాడుతున్నాడు కాబట్టే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఇక్కడ కఠిన పదం అలంకారం కాదు, అదే ఆయుధం. పద పట్టికను, వ్యంగ్యాన్ని విడదీసి చెప్పే ఉపాధ్యాయుడు ఈ రచనను బోధించలేడు.

స్విఫ్ట్ లెక్క కల్పితం. గురజాడ మొదటి కూర్పుకు రాసిన ఇంగ్లీషు పీఠికలోని లెక్క కల్పితం కాదు. విజయనగరం మహారాజా తయారు చేయించిన జాబితా ప్రకారం మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాలు 1,034. వధువులలో అయిదేళ్ళ పిల్లలున్నారు, మూడేళ్ళవారున్నారు, ఏడాది పసికందులూ ఉన్నారు. స్విఫ్ట్‌లో అతిశయోక్తిగా కనిపించిన క్రయవిక్రయం ఇక్కడ ఊరి ఆచారం. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి పెద్దలు బేరమాడే మాటలను ఈ జాబితా పక్కన పెట్టుకొని చదవండి. నవ్వు గొంతులో ఆగిపోతుంది.

స్విఫ్ట్‌ను చదివి పదాలతో సరిపెట్టుకోని తెలుగువాడు ఒకడున్నాడు, కందుకూరి వీరేశలింగం. ‘గలివర్’ యాత్రల (1726) ఒరవడిలో ఆయన రాసిన ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’లో ఆడుమళయాళం ఒక దేశం. అక్కడ ఆడవాళ్ళు ఏలుతారు, మగవాళ్ళు అణిగి ఉంటారు. కథనంగా అది కొంత నీరసం, సందేశం అడుగడుగునా కనిపిస్తుంది. కాని మరుగుజ్జుల దేశాన్ని అనువదించి ఊరుకోకుండా, తన ఇంటి గడపలోని అన్యాయాన్ని తలకిందులు చేసి చూపాడు. వ్యంగ్యం అర్థమైందనడానికి అంతకన్నా రుజువేముంది?

మోకిల దారిలో

నేను ఉంటున్న మోకిల శంకర్‌పల్లి దారిలో ఉంది. పొలాల స్థానంలో విల్లాలు లేచాయి, వాటి మధ్య పెద్ద ఫీజుల బడులు వచ్చాయి. కొంచెం లోపలికి పోతే సర్కారు బడులు. రెండు రకాల పిల్లలూ అప్పుడప్పుడు సందేహాలతో నా దగ్గరికి వస్తారు. ఆ మధ్య పదో తరగతి పిల్ల ఒకతె హిపోక్రైట్, గల్లిబుల్, సార్డానిక్ వంటి నలభై పదాలు గడగడా అప్పజెప్పింది. గల్లిబుల్ అంటే సులభంగా మోసపోయేవాడు అని చెప్పింది. మీకు తెలిసినవాళ్ళలో అలాంటివాళ్ళెవరని అడిగితే కాసేపు ఆలోచించి, లాటరీ మెసేజీ నమ్మిన బాబాయి కథ చెప్పి నవ్వింది. ఆ పదం ఆమెదైంది ఆ క్షణంలోనే.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. దీన్ని నేను మంచి ఏర్పాటే అంటాను, ఎదురు పేజీని కేవలం అర్థాల పట్టికగా వాడకపోతే. సైన్సు పాఠానికి అర్థం చాలు. వ్యంగ్య రచనకు చాలదు. ఇంగ్లీషు వాక్యం చదివాక ‘ఈ మాట మన ఊళ్ళో ఎవరంటారు, ఏ గొంతుతో అంటారు’ అని తెలుగులో చర్చ జరగాలి. ఆ చర్చకు సర్కారు బడి పిల్లవాడు వెనకబడి ఉండడు. ఎత్తిపొడుపుల భాష అతని వాడలో దండిగా ఉంది.

మీరు చేయవలసిన పని

‘కన్యాశుల్కం’ రెండో కూర్పులో పైన చెప్పిన ఘట్టాన్ని మూడుసార్లు చదవండి. మొదటిసారి వెంకమ్మ చెవితో వినండి, రెండోసారి గిరీశం చెవితో, మూడోసారి కప్పు వైపు చూస్తున్న వెంకటేశం వైపునుంచి. నవ్వు ఒక్కోసారి ఎక్కడ వచ్చిందో, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. తరువాత ఈ వారం మీరు విన్న ఒక బరువైన మాటను, తెలుగైనా ఇంగ్లీషైనా, తీసుకొని అది ఎవరి నోట వచ్చింది, ఎవరిని ఒప్పించడానికి వచ్చింది, దాని బదులు తేలిక మాట వాడి ఉంటే ఆ పని జరిగేదా అన్నది ఒక పేజీకి మించకుండా రాసి మీ కౌన్సెలింగ్ తరగతికి తీసుకువెళ్ళండి.