మాటలతో ఆడే ఆట

సాధారణంగా పుస్తకాలకూ నాటకాలకూ పరిమితమయ్యే సమీక్షకు ఈసారి ఒక ఆటను తీసుకున్నాము. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, తలా ఒక పాత్ర ధరించి, కథను నోటితో నడిపే ఆట ఇది. ఒకరు సూత్రధారి. "కోట తలుపు మూసి ఉంది, కాపలావాడు కునుకు తీస్తున్నాడు, ఏం చేస్తారు?" అని ఆయన అడుగుతాడు. తక్కినవారు తమ పాత్రకు తగినట్లు బదులు చెబుతారు. ఫలితం అటో ఇటో తేలనప్పుడు పాచిక వేస్తారు. పాచికలనగానే మనకు శకుని గుర్తుకు వస్తాడు. ఈ దేశపు మతాచారంలోనూ వాటిపై సదభిప్రాయం లేదు. అయితే ఇందులో పందెం లేదు, గెలుపోటములూ లేవు.

వీటిలో మొదటిదీ, నేటికీ ఎక్కువ పేరున్నదీ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు కూర్చిన ఈ ఆట 1974లో వెయ్యి ప్రతులతో వెలువడింది. అన్నిటికన్నా మంచి ఆట కనుకనే దీనికింత ప్రచారం అంటే మేము ఒప్పుకోము. నియమాలు చాలావరకు యుద్ధానికి సంబంధించినవే, పుస్తకాలు లావు. దీని అసలు బలం, తోడు ఆడేవారు సులభంగా దొరకడం. నలుగురు కావలసిన ఆటలో నలుగురికీ తెలిసినదే నెగ్గుతుంది. ఇక్కడి సౌదీల 'బలూత్' పేకాట చూడండి. 32 ముక్కలు, నలుగురు మనుషులు ఉంటే చాలు. పక్కన కూర్చుని చూసినవాడు నేర్చుకుంటాడు. 2018లో రియాద్‌లో దానికి పెద్ద పోటీలే జరిగాయి.

కాని ఈ సూత్రం అన్ని దేశాలకూ వర్తించలేదు. స్వీడన్‌లో 1982లో, జర్మనీలో 1984లో సొంత భాషలో వెలువడిన ఆటలు అక్కడి పిల్లలను ఆకట్టుకున్నాయి. జపానులో 'కాల్ ఆఫ్ థుల్హూ' అనే 1981 నాటి అమెరికన్ ఆటకు ఆదరణ ఎక్కువ. అందులో వీరులుండరు. ఏ పంతులో, ఏ విలేఖరో భయంకర రహస్యం వెంటబడి మతి పోగొట్టుకుంటాడు. కత్తి పట్టలేని మనిషి కథ కనుక ఎవరైనా అందులో తమను చూసుకోగలరు.

మాకు మరీ ఆసక్తి కలిగించినది 1977లో వచ్చిన 'ట్రావెలర్'. అంతరిక్షంలో ప్రయాణం. పాత్రధారి నాలుగేళ్ళ గడువుల చొప్పున ఎక్కడో ఉద్యోగం చేసి బయటపడతాడు. ఓడ ఉంటే దాని అప్పు నలభై ఏళ్ళపాటు నెలనెలా తీర్చాలి! గల్ఫు సంసారులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. లోపమేమిటంటే పట్టికలూ లెక్కలూ హెచ్చు. ఒక్కొక్కప్పుడు కథ చిట్టా ఆవర్జాలా తయారవుతుంది.

ఈ ఆటలన్నిటి ఆకర్షణా ఒకటే. 'మాయాబజార్' (1957)లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి తలుచుకోండి. రూపం ఆమెది, బుద్ధి వాడిది. మాటమాటకూ అసలు వాడు బయటపడుతుంటే మనం నవ్వుతాము. వేషం వెనుక మనిషి దొరికిపోవడంలోని ఆ సరదాయే ఇక్కడా ఉంది. కనుక ఇది మనకు పరాయి విద్య కాదు. పరాయిది అందులోని భాష.

మా బాధ అదే. ఇక్కడ పెరిగే మన పిల్లల తెలుగు భోజనాల వేళకూ, హోంవర్కు వేళకూ సరిపోయే తెలుగు. బేరమాడటానికి, బతిమాలటానికి, బెదిరించటానికి, బొంకటానికి వారికి తెలుగులో అవకాశమే రాదు. పన్నెండో తరగతి కాగానే చాలామంది చదువుకు వెళ్ళిపోతారు. ఈ ఆటలో ఆ నాలుగు పనులూ ప్రతి పది నిమిషాలకూ చేయవలసి వస్తుంది. పద్యాల పోటీలో పిల్లవాడు ఒకరు చెప్పినది అప్పజెబుతాడు. ఇందులో తన మాట తానే వెతుక్కోవాలి.

ఇందుకు లావు పుస్తకాలు కొననక్కరలేదు. పద్ధతి మాత్రం తీసుకుంటే చాలు. ఒక పాచిక, ఒక శుక్రవారం మధ్యాహ్నం, కొండపల్లి కోటలోనో గోదావరి లంకలోనో జరిగే కథ. విజిట్ వీసా మీద వచ్చే అమ్మమ్మలను, తాతయ్యలను మించిన సూత్రధారులు దొరకరు. ఒక్క మనవి: ఆట మధ్యలో పిల్లల తెలుగును దిద్దకండి. కాపలావాణ్ణి మాటల్లో పెట్టి తలుపు తీయించుకోగలిగితే, ఆ తెలుగు సరిపోయినట్లే.