బట్టమేక చిత్రంలో లేని బయలు

అభయారణ్యాలలో తిరిగి తీసిన పక్షుల ఛాయాచిత్రాలను వరుసగా పేర్చి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. పిచ్చుకంత ఉండే బురుతపిట్టా, మీటరు ఎత్తున నిలిచే బట్టమేకా ఒకే పరిమాణంలో ఉంటవి. రెండింటి వెనుకా ఒకే రకమైన పచ్చని మసక. ఈకల అంచులు, కంటిలోని మెరుపు అద్భుతంగా పడతవి. పక్షి ఎంతది, ఏ నేలమీద నిలిచి ఉన్నది, చుట్టూ ఏమున్నది అంటే మాత్రం చిత్రం జవాబు చెప్పదు. గోడకు తగిలించటానికి ఇది బాగానే ఉంటుంది. ప్రకృతిశాస్త్ర పాఠానికి చాలునా?

దీనికి కొంత కారణం పరికరంలోనే ఉన్నది. దూరపు పక్షిని దగ్గరకు తెచ్చే టెలిఫోటో కటకంలో స్ఫుటంగా పడే లోతు చాలా తక్కువ. వెలుతురు కోసం కటకం ద్వారాన్ని వెడల్పుగా తెరిచినకొద్దీ ఆ లోతు ఇంకా తగ్గుతుంది. పక్షికి ముందూ వెనుకా ఉన్నదంతా కరిగిపోతుంది. ఇంతవరకు భౌతికశాస్త్రం. ఆ కరగటాన్నే అందమని మెచ్చుకొనటం అభిరుచికి సంబంధించిన విషయం గనుక దానిని ప్రశ్నించవచ్చును.

సలీం అలీ రచించిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ 1941లో వెలువడింది. అందులోని రంగుబొమ్మలు నేటి ఛాయాచిత్రాల ముందు వెలవెలబోతవి. అయినా పక్షి పరిమాణాన్ని పిచ్చుక, గోరింక, కాకి, గద్ద వంటి తెలిసిన పక్షులతో పోల్చి చెప్పి, ఆ తరువాత ఉనికినీ అలవాట్లనూ వివరించే ఆ పద్ధతి వల్ల, కెమెరా లేని పల్లెటూరి విద్యార్థికి కూడా కొలబద్ద చేతికి వస్తుంది.

ఎమ్మిగనూరు ప్రాంతపు ఉపాధ్యాయులు పిల్లలను తీసుకొని కర్నూలు, నందికొట్కూరు మీదుగా రోళ్లపాడుకు పోతే ఈ తేడా కాలినడకన తెలుస్తుంది. బట్టమేక రక్షణ కోసం 1988లో ఏర్పడిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 614 హెక్టార్లు. (2022లో జిల్లాల విభజన జరిగిన నాటి నుంచి ఇది నంద్యాల జిల్లాలో ఉన్నది.) అరణ్యమని పేరే గాని ఇక్కడ ఉన్నది గడ్డినేల. చెట్లు దట్టంగా పెరిగితే బట్టమేకకు అది పనికిరాదు. నలుదిక్కులా దూరం కనిపించే బయలే దానికి కోట. మిడతలు, పురుగులు, గింజలు అక్కడే దొరకాలి. ఆ బయలును మసకచేసి పక్షిని మాత్రం చూపిన చిత్రం, చేపను చూపి చెరువును దాచినట్లే. పైగా 1980లలో పరిశోధకులు ఇక్కడ కూర్చుని గమనించిన ఆ పక్షి నేటి సందర్శకునికి కనిపించటం అరుదు. దేశం మొత్తంమీద మిగిలినవి 150కి మించవని అంచనా.

బట్టమేక గూడు కట్టదు. నేలమీద సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. తల్లి బెదిరి లేచిపోతే ఆ గుడ్డు ఎండకూ కాకులకూ అప్పగించినట్లే. గూటి దగ్గర పక్షి చిత్రాలు తీయటం ఒకప్పుడు గొప్ప విద్య. 1949లో లోథర్ ప్రచురించిన ‘ఎ బర్డ్ ఫొటోగ్రాఫర్ ఇన్ ఇండియా’ ఆ కాలపు పుస్తకం. బరువైన కెమెరాతో ఎగిరే పక్షిని వెంబడించటం అసాధ్యం గనుక, తప్పక తిరిగివచ్చే గూటి దగ్గర మాటువేసేవారు. నేటి కటకాలకు ఆ నిర్బంధం లేదు. పాత అలవాటు మాత్రం మిగిలింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టటాన్ని కూడా ‘వేట’ అనే మాటలోనే చేర్చింది. ఛాయాచిత్రాల కోసం అభయారణ్యంలోకి అనుమతి ఇవ్వవచ్చునని చెప్పిన ఆ చట్టానికే, ఆ పని వల్ల జీవాలకూ వాటి నివాసానికీ చెరుపు కలగరాదన్న షరతు 2022 సవరణలో చేరింది. గూటి చిత్రాన్ని ‘సాహసం’ అని మెచ్చుకొనే సంపాదకులు ఈ నిర్వచనం ఒకసారి చదువుకొనవలె.

చిత్రం చెడిపోతుందని చట్రంలోనుంచి తప్పించే వస్తువులలో మొదటిది కరెంటు తీగ. బట్టమేక జాతి పక్షులకు కళ్లు తలకు ఇరువైపులా ఉంటవి; ఎదుట చూపు చాలా ఇరుకు. బరువైన శరీరంతో ఎగురుతూ, తీగ కనబడిన తరువాత చప్పున పక్కకు తిరగలేవు. కనుక తీగతో సహా తీసిన వికారపు చిత్రంలోనే ఈ పక్షి క్షీణతకు ఒక ముఖ్య కారణం దొరుకుతుంది. కృష్ణజింకల సంగతీ ఇంతే. రక్షణ వల్ల రోళ్లపాడులో అవి పెరిగినవి, చుట్టూ ఉన్న పైర్లను మేస్తున్నవి. గాలిలో ఎగిరి దూకే జింక పత్రికలలో పడుతుంది. అది దూకి చేరిన చేను, ఆ చేనుగల రైతు ముఖం పడవు. అభయారణ్యమంటే రైతుకు ఎందుకు కోపమో అటువంటి చిత్రాల నుంచి పట్నపు పాఠకునికి తెలిసే దారి లేదు.

శీర్షికల విషయం ఒక్క మాట. బట్టమేక, నేలనెమలి, పిల్లిగద్ద వంటి తెలుగు పేర్లను జెర్డన్ 1862–64లో తన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో నమోదుచేశాడు. తెలుగు పత్రికలలోని చిత్రాల కింద అవి కనబడకపోవటం విడ్డూరం.

రోళ్లపాడులో తీయదగిన చిత్రం చలికాలపు సాయంత్రం దొరుకుతుంది. మధ్య ఆసియా నుంచి వలసవచ్చిన పిల్లిగద్దలు పగలంతా పొలాలమీద మిడతలను వేటాడి, పొద్దుగుంకేవేళ రాత్రి బసకు గడ్డిలోకి దిగుతవి. దారిమీదనే నిలబడి మామూలు కటకంతో తీస్తే సగం ఆకాశం, సగం గడ్డి, అంచున జొన్నచేను పడతవి. పక్షులు నువ్వుగింజలంతే ఉంటవి. ఆ చిత్రానికి బహుమతి రాదు. దానిమీద తేదీ, గంట రాసిపెడితే తరగతిలో పిల్లలచేత పక్షులను లెక్కపెట్టించవచ్చును, మరుసటి ఏడు అదే చోట తీసినదానితో సరిచూడవచ్చును.