లాక్టేట్ అంకె, యాంజియో బొమ్మ

గుండె ఆపరేషన్ తర్వాత పేగులకు రక్తం చాలకపోవడం అరుదే. కానీ అది వచ్చినవాళ్లలో సగానికి పైగా బతకరు. దీన్ని పట్టుకోవడానికి ఐసీయూలో రెండు దారులున్నాయి: కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్‌ను చూడటం, పేగుల రక్తనాళాలనే నేరుగా చూడటం. మొదటిదాన్ని అవసరానికి మించి నమ్ముతున్నామనీ, రెండోదాన్ని అనవసరంగా వాయిదా వేస్తున్నామనీ నా అభిప్రాయం.

లాక్టేట్‌కున్న సుగుణం సౌలభ్యం. బ్లడ్ గ్యాస్ మిషన్ నిమిషాల్లో అంకె చెబుతుంది, గంటగంటకూ చూసుకోవచ్చు. చిక్కల్లా ఆ అంకె ఎక్కడిదో తెలియకపోవడమే. అడ్రినలిన్ ఇస్తే పెరుగుతుంది, గుండె సరిగా పంప్ చేయకపోతే పెరుగుతుంది, కాలేయం నీరసించినా పెరుగుతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. పేగుల నుంచి వచ్చే రక్తం ముందు కాలేయంలోకి వెళ్తుంది, అది లాక్టేట్‌ను చాలావరకు వాడేసుకుంటుంది. అందుకే మొదటి గంటల్లో అంకె మామూలుగానే కనిపించవచ్చు. అది గట్టిగా పెరిగేసరికి పేగు గోడ చచ్చిపోయి ఉండవచ్చు.

పరీక్షలో తేలినదానికి పొంతన లేనంత కడుపునొప్పి ఉంటే అనుమానించాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. వెంటిలేటర్ మీద మత్తులో ఉన్న మనిషి నొప్పి ఎలా చెబుతాడు? అక్కడ కనిపించేవి వేరు: ఉబ్బుతున్న పొట్ట, ముక్కు గొట్టంలోంచి ఎక్కువగా వస్తున్న ద్రవం, బీపీ నిలబెట్టడానికి పెంచుకుంటూ పోవాల్సిన నార్‌అడ్రినలిన్ మోతాదు. ఇవన్నీ సిస్టర్ చార్టులో ఉంటాయి. లాక్టేట్‌ను వీటితో కలిపి చదివితేనే దానికి అర్థం.

రెండో దారి కష్టమైనదే. రోగిని మిషన్లతో సహా స్కానింగ్ గదికి తరలించాలి, కాంట్రాస్ట్‌తో కిడ్నీలకు భయం. రక్తపు గడ్డ అడ్డుపడితే సీటీ యాంజియో బాగానే పట్టిస్తుంది. కానీ గుండె ఆపరేషన్ తర్వాత ఎక్కువగా జరిగేది అది కాదు. గడ్డ ఏమీ లేకుండానే చిన్న ధమనులు బిగుసుకుపోతాయి. అది స్పష్టంగా తెలిసేది తొడ ధమని నుంచి కాథెటర్ పంపి తీసే యాంజియోగ్రామ్‌లోనే. పెద్ద ధమని తెరిచే ఉంటుంది, దాని కొమ్మలు మాత్రం కత్తిరించిన చెట్టులా మొండిగా ఆగిపోతాయి.

ఈ దారి గొప్పతనం అక్కడే ఉంది. చూసిన గొట్టంతోనే వైద్యం మొదలవుతుంది. న్యూయార్క్‌లో స్కాట్ బోలీ బృందం 1970ల్లో ఈ పద్ధతికి ఊపు తెచ్చింది: ఆ కాథెటర్‌లోంచే ధమనులను వదులు చేసే పాపావరిన్ అనే మందు, గంటకు 30 నుంచి 60 మిల్లీగ్రాములు. మందు చాలావరకు కాలేయంలోనే కరిగిపోతుంది కనుక బీపీ అంతగా పడదు. ఉన్నట్టుండి పడిందంటే కాథెటర్ జారి బృహద్ధమనిలోకి వచ్చిందేమో చూడాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌తో కలిస్తే పాపావరిన్ గట్టి రేణువులుగా విడిపోతుంది కాబట్టి రెండింటికీ ఒకే లైను వాడకూడదు.

పొట్ట రాయిలా బిగిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా కోయాలి, చచ్చిన పేగు తీసేయాలి. మిగిలిన పేగు నిలిచిందో లేదో చూడటానికి 24 నుంచి 48 గంటల్లో మళ్లీ తెరవాల్సి రావచ్చు. ఆ మధ్యలో కూడా పాపావరిన్ ఆపరు. చచ్చిన పేగును కత్తి తీసేస్తుంది గానీ బిగుసుకున్న ధమనిని విప్పలేదు.