ముందు వైరు, తర్వాతే స్పీకరు

వడ్డాది జంక్షన్‌లో మాడుగుల జీపు కోసం నిలబడే రోజుల్లో, బండి మలుపు తిరక్కముందే పాట వినబడేది. పాట పలికే తీరును బట్టి ఫలానా వాళ్ల జీపు వస్తోందని చెప్పేసేవాళ్లం. ఒక బండిలో డోలు గుండెకు తగిలేది. ఇంకో బండిలో గాయని గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుండేది. తేడా క్యాసెట్‌ది కాదు, సెట్టుదీ కాదు. వైరు లాగిన చేతిది. అది తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నాన్న నడిపిన కమాండర్ జీపు ఇంకా మా పెరట్లో ఉంది. మొన్నామధ్య పాత డెక్కు తీయించి బ్లూటూత్ సెట్టు, రెండు కొత్త స్పీకర్లు పెట్టించాను. పాట వచ్చింది గానీ గోతిలో పడ్డప్పుడల్లా గరగర, యాక్సిలరేటరు తొక్కితే ఈల. మూడో రోజుకి సెట్టు మూగబోయింది. చోడవరంలో ఏళ్ల తరబడి బళ్ల వైరింగే చేస్తున్న ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సెట్టు వైపు చూడనేలేదు. డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి ఒక వైరు లాగి చూపించారు.

"ఇది బాడీకి బిగించీసి ఉంది బాబూ. పాత డెక్కుకి పర్లేదు. కొత్తదాన్ని ఇదే చంపీసింది."

పాత డెక్కులు చాలావాటికి స్పీకరుకు వెళ్లే రెండు తీగల్లో ఒకదాన్ని బండి బాడీకే బిగించేవారు. బండి ఇనుమే రెండో తీగ పని చేసేది. ఇప్పటి సెట్లలో ఐసీ అనే చిప్పు స్పీకరును రెండు కొసల నుంచీ నడుపుతుంది, ఒకటి నెడుతుంటే రెండోది లాగుతుంది. పాట లేనప్పుడు కూడా రెండు తీగల మీదా బ్యాటరీ వోల్టేజిలో సగం, సుమారు 6 వోల్టులు నిలిచే ఉంటాయి. వాటిలో ఏది బాడీకి తగిలినా ఐసీకి ప్రాణగండమే. అందుకే పాత బండికి కొత్త సెట్టు పెట్టేటప్పుడు స్పీకరుకు రెండు తీగలూ కొత్తగా, ఇనుముకు తగలకుండా సెట్టు దాకా లాగాలి.

సెట్టును బాగుచేసి మళ్లీ బిగించడానికి పట్టిన రెండు రోజుల్లో ఆయన ఒకటిన్నర రోజు వైరుకే ఖర్చుపెట్టారు. బ్యాటరీ నుంచి సెట్టుకు వెళ్లే పాత తీగ అర చదరపు మిల్లీమీటరుది. మూడు మీటర్ల ఆ తీగలో 8 యాంపియర్లు పారితే దారిలోనే దాదాపు 0.9 వోల్టు పోతుంది. అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగైతే 0.2 వోల్టు కూడా పోదు. 12 వోల్టుల బండిలో ఇది చిన్న లెక్క కాదు. డోలు దెబ్బ పడ్డ క్షణంలో సెట్టుకు కరెంటు కావాలి, అప్పుడే వోల్టేజి జారితే ఆ దెబ్బ చప్పబడిపోతుంది. కొత్త తీగ కొసను చాకుతో గీకి చూపించారు. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అలాంటిది ఆయన కొట్లోకి రానివ్వరు. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టారు. తీగ ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా, బండి అంటుకోకుండా కాపాడేది అదే.

ఈల సంగతి వేరు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా కారు రేడియో తయారు చేసినప్పుడు వాళ్లను బాగా ఇబ్బంది పెట్టినవాటిలో స్పార్క్ ప్లగ్గుల గోల ఒకటి. మన డీజిల్ జీపులో స్పార్క్ ప్లగ్గే లేదు. ఇక్కడి ఈల ఆల్టర్నేటరుది, అది ఎక్కువగా ఎర్తు సరిగా లేనిచోట దూరుతుంది. పెయింటు మీదే బిగించిన ఎర్తు బోల్టును విప్పి, ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి మళ్లీ బిగించారు. ఈల సగానికి సగం అక్కడే పోయింది. పాట తీగలను కరెంటు తీగకు దూరంగా, బండికి రెండో పక్క నుంచి తీసుకెళ్లేసరికి మిగతాదీ పోయింది.

ఇక గరగర. పాత అతుకులన్నీ మెలితిప్పి టేపు చుట్టినవే. విప్పితే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. టంకం పెట్టి స్లీవు తొడిగారు. అక్కడితో ఆగలేదు. టంకం పెట్టిన చోట తీగ బిరుసెక్కుతుంది, కుదుపుకి సరిగ్గా దాని పక్కనే తెగుతుంది. అందుకని అతుకుకు అటూ ఇటూ తీగను కదలకుండా కట్టేశారు.

స్పీకర్లు బిగించే ముందు జేబులోంచి ఒకటిన్నర వోల్టు సెల్లు తీశారు. సెల్లు ప్లస్సును స్పీకరు ప్లస్సుకు తాకించి, వేలి కొసతో కోనును ముట్టుకోమన్నారు. వెంట్రుకవాసి ముందుకొచ్చింది. తిరగేసి తాకిస్తే అంతే లోపలికి పోయింది. రెండు స్పీకర్లలో ఒకటి తిరగబడితే ఒకటి గాలిని నెట్టేటప్పుడు రెండోది లాగేస్తుంది, డోలు మాయమైపోతుంది. చిన్నప్పుడు రేకుడబ్బాలా మోగిన ఆ జీపు జబ్బు ఇదేనేమో.

జీపుకు తలుపు ప్యాడ్లు ఉండవు. స్పీకరును ఊరికే వేలాడదీస్తే వెనకాల పుట్టిన శబ్దం ముందుకొచ్చి లోతు స్వరాలను మింగేస్తుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో సీటు కింద రెండు పెట్టెలు చేయించి, సందుల్లో ఫెవికాల్, రంపప్పొట్టు కలిపి మెత్తి, లోపల కాస్త దిండు దూది కూరారు.

వాట్ల గురించి కూడా చెప్పాలి. అట్టపెట్టె మీద ఎంత అచ్చేసినా, బ్యాటరీ మీద నేరుగా నడిచే సెట్టు 4 ఓముల స్పీకరుకు శుభ్రంగా ఇచ్చేది 20 వాట్ల చుట్టుపక్కలే. స్పీకరు సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ ఎక్కువుంటే అది సెట్టు బలం రెట్టింపైనట్టు. కొనేటప్పుడు చూడాల్సిన అంకె ఇదీ. చెవులు పగిలేలా మోగించడం నాకు నచ్చదు, రాత్రి 10 దాటాక రోడ్డు మీద అసలు కూడదు. ఈ పని అంతా పాట పెద్దదవడానికి కాదు, స్పష్టంగా వినబడడానికి.

తీసేసిన నాన్న కాలపు స్పీకర్లను ఆయన పారేయనివ్వలేదు. అంచు చివికిపోయింది, కాయిలు మాడింది, కానీ అయస్కాంతం నిక్షేపంలా ఉంది. కొత్త కాయిలు, కొత్త కోను వేసి, కాయిలు సందులో నిటారుగా నిలవడానికి పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నని పట్టీలుగా కోసి చుట్టూ దోపారు. జిగురు ఆరాక పట్టీలు లాగేస్తే కాయిలు ఎక్కడా ఒరుసుకోకుండా ఆడుతుంది. ఆ జత ఇప్పుడు మా నడవలో పాడుతోంది.

పని అయ్యాక డబ్బు తీసుకోలేదు. "ముందు వడ్డాది దాకా పద" అని జీపెక్కారు. సౌండు బాగా తగ్గించి, భీమిలి–నర్సీపట్నం రోడ్డు మీదికి పోనిమ్మన్నారు. ఆ రోడ్డు గోతుల సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నేను అలవాటుగా స్టీరింగు కోస్తుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"గొయ్యి తప్పించకు. దించీ."

చోడవరం నుంచి వడ్డాది దాకా కనబడ్డ గొయ్యినల్లా దించాను. ఆయన కళ్లు మూసుకుని, సీటు కింది పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. జంక్షన్ వచ్చాక కళ్లు తెరిచి, "ఇప్పుడియ్యి డబ్బులు" అన్నారు.