తెల్లవారి తిండి: సూక్తి యెంత, సత్యమెంత?

దినములోని ఆహారములలో ఉదయపు ఆహారమే మిక్కిలి ముఖ్యమైనదని ఆరోగ్య పాఠములలో తరచు వినుచుందుము. విద్యార్థులు ఆ వాక్యమును కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుదురు. కాని సైన్సు తరగతిలో ఏ వాక్యమునైనను మూడు ప్రశ్నలు అడుగవలెను: ఎవరికి? ఎంతవరకు? ఏమి తినినచో?

మొదటి ప్రశ్నకు శరీరశాస్త్రము స్పష్టముగనే బదులు చెప్పును. రాత్రి ఎనిమిది గంటలకు తిని, ఉదయము ఏమియు తినక బడికి వచ్చిన పిల్లవానికి మధ్యాహ్న భోజనము వరకు పదహారు గంటల ఉపవాసము. ఆ సమయమున కాలేయములో నిలువయున్న గ్లైకోజెన్ గ్లూకోజుగా మారి రక్తములో చేరుచుండును. పెద్దవారిలో విశ్రాంతి సమయమున శరీరము వెచ్చించు శక్తిలో అయిదవ వంతు మెదడునకే పోవును. పిల్లలలో ఆ భాగము ఇంకను హెచ్చు. కాలేయములోని నిలువయో తక్కువ. కనుక ఉపవాసము పెద్దలకంటె పిల్లలకు త్వరగా తగులును.

ఇక మేలు ఎంత? జమైకాలోని 16 గ్రామీణ పాఠశాలలలో 814 మంది పిల్లలపై జరిగిన పరిశోధన 1998లో వెలువడినది. కొందరికి ఒక విద్యా సంవత్సరము బడిలోనే ఉదయాహారము పెట్టిరి. తక్కినవారికి నారింజపండులో నాలుగవ వంతు మాత్రము ఇచ్చిరి. ఆహారము తినినవారి ఎత్తు, బరువు, హాజరు పెరిగినవి. చిన్న తరగతులవారు లెక్కలలో మెరుగుపడిరి. మేలు నిజమే, కాని స్వల్పమని పరిశోధకులే వ్రాసిరి.

ఉదయము తినినచో బరువు తగ్గునను ప్రచారము మాత్రము నిలువదు. 13 ప్రయోగములను కూర్చి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన సమీక్షలో, ఉదయము తినిన పెద్దలు దినమునకు సగటున 260 కెలోరీలు ఎక్కువగా తినిరి. వారి బరువు తగ్గలేదు. ఉదయము క్రమముగా తినువారు తక్కిన అలవాట్లలోను క్రమము గలవారై యుందురు. ఆ మేలునంతయు ఉదయాహారమునకే కట్టబెట్టుట తర్కదోషము.

మూడవ ప్రశ్న మన ముంగిటిది. కోటగిరి, బోధను ప్రాంతము నిజాంసాగరు నీటితో చెరకు పండిన నేల. 1937లో ఏర్పడిన బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. చక్కెర చాయ మాత్రము ఇంటింట నిలిచినది. తెల్లవారకముందే తల్లిదండ్రులు పొలము పనికి పోవు ఇండ్లలో చాయ, రెండు బిస్కట్లు పిల్లల ఉదయాహారమగుట కలదు. "తిని వచ్చితివా?" అని ఉపాధ్యాయుడు అడిగినచో పిల్లవాడు "తిన్నాను సార్" అనును. అందు చక్కెర కలదు, ప్రోటీను అత్యల్పము. పైగా తేయాకులోని టానిన్లు ఆహారములోని ఇనుమును శరీరమునకు సరిగా అందనీయవు. జొన్నరొట్టె, పప్పు, తైద అంబలి, పల్లీలు, గుడ్డు, రాత్రి మిగిలిన అన్నములో పెరుగు — వీనిలో ఏ రెండు కలిసినను ఆ చాయకంటె మేలు.

సూక్తిలోని పెద్ద లోపము వేరొకటి. అది బాధ్యతనంతయు పిల్లవానిమీద మోపును. ఇంట పొయ్యి వెలుగనప్పుడు "తినక రావద్దు" అనుట హితబోధ కాదు, మందలింపు. మధ్యాహ్నము వండిపెట్టుట మన పాఠశాలలలో 2003లో మొదలైనది. 2023 అక్టోబరు 6న తెలంగాణలో పదవ తరగతివరకు అల్పాహార పథకమును ప్రారంభించిరి. అది నిలకడగా సాగలేదు. జమైకా పిల్లలకు మేలు చేసినది గోడమీది వాక్యము కాదు, బడిలో ప్రతిదినము పెట్టిన తిండి.

ఉపాధ్యాయులు ఆ వాక్యమును ఇట్లు దిద్ది చెప్పవచ్చును: "పెరుగుచున్న పిల్లలకు, అందును చాలినంత తిండి లేనివారికి, పప్పో గుడ్డో పల్లీలో కలిసిన ఉదయాహారము ఒంటికిని చదువునకును కొంత మేలు చేయును." ఒక వారము పిల్లలచేత, పేర్లు లేకుండ, ఉదయము ఏమి తినిరో చీటీలపై వ్రాయించి లెక్క కట్టింపుడు. ఆ లెక్క మంచి సైన్సు పాఠమగును. పాఠశాల సమావేశములో పెద్దల ముందుంచుటకు తగిన ఆధారమును అగును.